పదిహేను డిగ్రీల లోపు

చిరంజీవి రమ్యకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు మామూలే. ఈ ఉత్తరానికి ప్రత్యేకమైన కారణమేమీ లేదు. నీ అలమర సర్దుతుంటే నువ్వు గీతలు గీసి పెట్టుకున్న పరిశోధన వ్యాసాల కట్ట కనిపించింది. దుమ్ము దులిపి పెట్టేద్దామనుకుని చదవడం మొదలుపెట్టాను. బడిలో సైన్సు చెప్పి రిటైరైనవాడి చేతికి కాగితం దొరికితే ఊరుకుంటాడా? మొన్న వాసు వచ్చి ఏదో అన్నాడు. అది తర్వాత రాస్తాను.

ముందు కణత్వచం, అంటే కణం చుట్టూ ఉండే పొర సంగతి. చలికి అందులోని కొవ్వు మైనంలా బిగుసుకుపోతే లోపలికి పోషకాలు రావు, బయటికి వ్యర్థాలు పోవు. అందుకని నువ్వున్న అంటార్కిటికా లాంటి ధ్రువప్రాంతాల బ్యాక్టీరియా ఆ కొవ్వునే మార్చుకుంటుంది. అసంతృప్త కొవ్వు ఆమ్లాలు పెంచుతుంది, గొలుసులు పొట్టివి చేస్తుంది, కొన్నిటికి కొమ్మలు పెడుతుంది. వంకరగా ఉన్నవి ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా పేరుకోలేవు కాబట్టి పొర కదులుతూనే ఉంటుంది. దానికి స్వెట్టరు అక్కర్లేదు, ఒంటినే మార్చుకుంటుంది. నీకు ఆ వెసులుబాటు లేదు. చేతి తొడుగుల లోపల పలచటివి ఇంకో జత వేసుకో. కిందటి ఫొటోలో ఒక చేతికి తొడుగే లేదు. ఫొటో తీసినవాళ్లయినా చెప్పవద్దా?

చలిలో ఆర్‌ఎన్‌ఏ కూడా మడతలు పడి చిక్కుకుపోతుంది. కోల్డ్ షాక్ ప్రోటీన్లు ఆ మడతలు విప్పుతాయి. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధనా కేంద్రం వాళ్లు అంటార్కిటికా సూడోమోనాస్ సిరింజీ అనే బ్యాక్టీరియా మీద చేసిన పని నీ కట్టలోనే ఉంది. ఆర్‌ఎన్‌ఏజ్-ఆర్ అనే ఒక్క ఎంజైము తీసేస్తే అది 22 డిగ్రీల దగ్గర పెరుగుతుంది, 4 డిగ్రీల దగ్గర మాత్రం చతికిలబడుతుంది. ఎప్పటికప్పుడు తొలగాల్సిన ఆర్‌ఎన్‌ఏ లోపలే పేరుకుపోతుంది. ఇందులో నీకేదో నీతి చెబుతున్నాననుకోకు. కానీ బయటికి రావలసినవి లోపలే పేరుకోనివ్వడం ఎవరి ఆరోగ్యానికీ మంచిది కాదు. నీకేదైనా ఇబ్బంది ఉంటే రెండు వాక్యాలు రాయడానికి ఎంతసేపు పడుతుంది? సరే, వదిలేస్తాను.

కెనడా ఆర్కిటిక్‌లో ఎల్స్‌మియర్ దీవి మట్టిలో దొరికిన ప్లానోకాకస్ హాలోక్రయోఫిలస్ అనే బ్యాక్టీరియా గురించి నువ్వు మూడు గీతలు గీశావు. మైనస్ 15 డిగ్రీల దగ్గర కూడా విభజన చెందుతుంది, కాకపోతే ఒకటి రెండవడానికి సుమారు 50 రోజులు పడుతుంది. మైనస్ 25 దగ్గర విభజన ఆగినా ఊపిరి ఆడుతున్నట్టు కొలిచి చూశారట. చదివి కొంత ధైర్యం వచ్చింది. నీ చివరి ఉత్తరం వచ్చి 50 రోజులు ఎప్పుడో దాటాయి. అయినా ఫరవాలేదనుకున్నాను.

ఇలాంటిదే నీ ఎమ్మెస్సీలో ఒకసారి జరిగింది, గుర్తుందా? నిన్ను చిన్నత్త ఇంటికి తీసుకెళ్దామని వచ్చాను. నువ్వు ల్యాబు వదిలి రానన్నావు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర బ్యాక్టీరియా పెరగడానికి పెట్టిన పళ్లేలు వారాలుగా ఖాళీగానే ఉన్నాయి. సీనియర్ అమ్మాయి కడిగేస్తానంటుంది, ఆమెకు గాజు పళ్లేలు కావాలి. నువ్వు ఫ్రిజ్ తలుపుకు "ఇవి చావలేదు, ముట్టుకోవద్దు" అని కాగితం అంటించావు. ఆమె తీసేసింది, నువ్వు మళ్లీ అంటించావు. మధ్యలో ఎవరో నీకు సాయం చేద్దామని ఒక పళ్లేన్ని 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో పెట్టారు. నువ్వు ఏడ్చిన ఏడుపు వరండా దాకా వినిపించింది. నేను బయట బెంచీ మీద సంచీతో కూర్చుని, ఎంత చదివినా ముందుకు సాగని పత్రిక తిప్పుతున్నాను. చిన్నత్త ఫోను మీద ఫోను. ఆ ఆదివారం నువ్వే పరుగెత్తుకుంటూ వచ్చి లోపలికి లాక్కెళ్లావు. సూదిమొనంత చుక్కలు, కొన్ని పసుపు, కొన్ని నారింజ. 37 డిగ్రీల పళ్లెంలో మాత్రం ఆ తర్వాత కూడా ఒక్కటీ రాలేదు. ఆ సీనియర్ వచ్చి చూసి, గాజు పళ్లేలు ఇంకో చోట తెచ్చుకుంటానంది. చిన్నత్తకు నేనేం చెప్పానో నీకు ఇప్పటికీ తెలియదు, తెలియకపోవడమే మంచిది.

ఆ 37 డిగ్రీల పళ్లెమే ఈ మధ్య నన్ను తొలుస్తోంది. చలికి పనిచేసే ఎంజైములు వదులుగా, సులువుగా వంగేలా ఉంటాయి, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, బిగించే బంధాలు తక్కువ. అందుకే సున్నా దగ్గర కూడా చురుగ్గా ఉంటాయి. కాస్త వేడెక్కితే విడిపోతాయి. 1975లో సూక్ష్మజీవ శాస్త్రవేత్త రిచర్డ్ మోరిటా గీసిన గీత ఇదేనట: నిజమైన చలిప్రియ జీవులు 15 డిగ్రీలకు లోపే బాగా పెరుగుతాయి, 20 దాటితే పెరగవు. చలిని ఓర్చుకునేవి వేరే, అవి వేడిలోనూ హాయిగా ఉంటాయి. వాసు అన్నది ఏమిటంటే, నువ్వు వచ్చే శీతాకాలం కూడా అంటార్కిటికాలోని మన భారతి స్టేషన్‌లోనే ఉంటానని అడిగావట. వాడికి ఎవరు చెప్పారో అడగలేదు. నువ్వు ఈ రెండింటిలో ఏ రకమని తేల్చుకున్నావో తెలుసుకోవాలనిపించింది, అంతే.

మీ తీరం వెంబడే ఉన్న వెస్ట్‌ఫోల్డ్ కొండల్లో ఏస్ సరస్సు బ్యాక్టీరియా మారినోమోనాస్‌ను చూడు. కాల్షియంతో గట్టిపడే ఒక పొడవాటి ప్రోటీన్‌తో మంచు అడుగుభాగాన్ని పట్టుకుని వేలాడుతుంది. ప్రాణవాయువూ పోషకాలూ అక్కడే ఎక్కువ కాబట్టి. పట్టు వదలకపోవడం మంచిదే, నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఎక్కడ పట్టుకోవాలో తెలిసి పట్టుకుంది అది.

విటమిన్ డి మాత్రలు మానకు. సూర్యుడు కనిపించని వారాల్లో నిద్ర వేళ మారిపోతుందంటారు, గడియారం చూసి పడుకో. పన్ను నొప్పి తగ్గిందో లేదో డాక్టరుగారికి చూపించు. కళ్లజోడు రెండోది భద్రంగా ఉందా?

వాసు చెప్పింది నిజమైతే నాకు ఒక్క మాట రాయి, కోప్పడను. అమ్మకు మాత్రం నువ్వే చెప్పాలి. నేను చెబితే నేనే ఎగదోశానంటుంది.

నాన్న