పండూ, ఆ ఫోల్డర్ జోలికి పోకు

పండూ,

ఫోన్ ఎత్తవు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు మాత్రం రాదు. అందుకే మెయిల్ రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మొన్నటి గాలికి మునగకొమ్మ విరిగి ప్రహరీ మీద పడింది. మీ నాన్న రంపం పట్టుకుని ఎక్కబోతే శేషు ఆపాడు. కందిపొడి, గోంగూర కొరియర్‌లో వేశాను. గోంగూర సీసా మూత వదులు, నిలబెట్టే ఉంచు.

శనివారం నువ్వు లాప్‌టాప్‌లో విండోస్ మళ్ళీ వేశావని స్వాతి చెప్పింది. డీ డ్రైవులో తాతయ్య పద్యాల ఫోల్డర్ 'యాక్సెస్ డినైడ్' అంటోందట కదా. దాని గురించి నేనేమీ అనను. ఈ మెయిల్ అందుకోసం కాదు కూడా.

కానీ ఒక్క మాట. సీ డ్రైవులో పాత విండోస్ ఫైళ్ళు దాచి ఉంచే విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఉందేమో చూడు. ఫార్మాట్ కొట్టకుండా వేసి ఉంటే ఉంటుంది. పది రోజులు దాటితే విండోస్ దాన్ని తనంతట తానే తీసేస్తుంది. ఇవాళ బుధవారం, నాలుగు రోజులు అయిపోయాయి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ సెన్స్ ఆపెయ్. డిస్క్ క్లీనప్‌లో 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్' మీద టిక్ పెట్టకు. జాగా చాలడం లేదని దాన్ని ఊడ్చేస్తావేమోనని రెండు రాత్రులుగా నాకు నిద్ర లేదు.

రాత్రి పన్నెండింటికి నూడుల్స్ తినడం మానావా? సరే, నీ ఇష్టం.

48 అంకెల రికవరీ కీ అడుగుతోందంటే అది బిట్‌లాకర్, డ్రైవు మొత్తానికి వేసే తాళం, దాని సంగతి వేరు. ఆ కీ నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉండొచ్చు. ఫైలు పేర్లన్నీ కనిపిస్తూ ఒక్కటీ తెరుచుకోకపోతే మాత్రం అది ఈఎఫ్ఎస్సే, విండోస్ ఒక్కో ఫైలుకీ విడిగా వేసే తాళం. ప్రాపర్టీస్‌లో, అడ్వాన్స్‌డ్ కింద 'ఎన్‌క్రిప్ట్ కంటెంట్స్' అని టిక్ పెట్టావు చూడు, అదే. ఆ తాళం నీ పాస్‌వర్డ్‌తో వేసింది కాదు. ప్రతి ఫైలుకీ ఏఈఎస్ అనే పద్ధతిలో ఒక రహస్య కీ ఉంటుంది. ఆ కీకి నీ సర్టిఫికెట్ పబ్లిక్ కీ తాళం వేస్తుంది. దాన్ని విప్పే ప్రైవేట్ కీ సీ డ్రైవులో, నీ పాత ప్రొఫైల్లో ఉంది, అంటే ఇప్పుడు ఆ విండోస్ డాట్ ఓల్డ్‌లో. ఆ ప్రైవేట్ కీని కాపాడే మాస్టర్ కీ తెరుచుకునేది పాత లాగిన్ పాస్‌వర్డ్‌తో. పాస్‌వర్డ్ అంటే పాస్‌వర్డే, పిన్ కాదు. కొత్త విండోస్‌లో అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టినా నీ ఎస్ఐడీ, అంటే విండోస్ ఒక్కో యూజర్‌కీ ఇచ్చే గుర్తింపు నంబర్, మారిపోయింది. దాని లెక్కలో నువ్వు పరాయివాడివి.

రేపల్లె బాబాయి సంగతి నీకు తెలుసుగా. తెలియదేమో, నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. ఆయన ఎక్స్‌పీ మిషన్‌లో పొలం లెక్కలు, కౌలు కాగితాలు అన్నీ ఆకుపచ్చ అక్షరాల్లో కనిపించేవి. అది అలంకారం అనుకున్నాడు పాపం. ఎక్స్‌పీలో ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలు పేరు అలా ఆకుపచ్చగానే కనిపిస్తుంది. వైరస్ వచ్చిందని బజార్లో ఒక కుర్రాడికి ఇస్తే వాడు సీ ఫార్మాట్ చేసి, 'డీ ముట్టుకోలేదండీ, మీ డేటా భద్రం' అని వెయ్యి రూపాయలు తీసుకున్నాడు. ఇంటికొచ్చి తెరిస్తే యాక్సెస్ డినైడ్. మళ్ళీ వాడి దగ్గరికే. వాడు సెక్యూరిటీ ట్యాబ్‌లో ఓనర్‌ని మార్చి, ఫుల్ కంట్రోల్ ఇచ్చాడు. అదే మాట. పర్మిషన్ అంటే గుమ్మం దాటనివ్వడం, లోపల బీరువా తాళం అలాగే ఉంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యబోయాడు, కాలేదు. ఎక్స్‌టెన్షన్ మార్చాడు. లైనక్స్ సీడీ పెట్టాడు, పేర్లు కనిపించాయి, ఫైళ్ళు తెరుచుకోలేదు. అవి తెరవాలని మధ్యలో ఏవేవో ప్రోగ్రాములు సీలో ఎక్కించాడు, పాత కీ ఉన్న చోట కూడా కొత్త డేటా పడింది. పిన్ని నెల రోజులు కూర్చుని, మిగిలిన జిరాక్సులు చూసి మళ్ళీ టైపు చేసింది. సగం కౌలుదార్ల లెక్కలు ఇప్పటికీ తేలలేదు. ఆ కుర్రాడు తర్వాత సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడు.

నీకు అంత ప్రమాదం లేదులే, నువ్వు తొందరపడకపోతే. ముందు ఎన్‌టీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేసిన ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చుకో. విండోస్ డాట్ ఓల్డ్ మొత్తం రోబోకాపీ అనే విండోస్ కమాండ్‌తో అందులోకి కాపీ కొట్టు. అడ్మిన్ ప్రాంప్ట్‌లో, /ఇ, /బి, /ఎక్స్‌జె స్విచ్‌లు మూడూ పెట్టి. /ఎక్స్‌జె మర్చిపోతే యాప్‌డేటా జంక్షన్లలో, అంటే ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి మళ్ళించే దారుల్లో, పడి గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. మనకు కావలసినవి నీ పాత యూజర్ కింద యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్‌లో ఉన్న మూడు ఫోల్డర్లు: క్రిప్టో, ప్రొటెక్ట్, సిస్టమ్‌సర్టిఫికెట్స్. అవి దాచిన ఫోల్డర్లు, మామూలుగా కనబడవు. వాటిని కొత్త ప్రొఫైల్లోకి ఊరికే కాపీ చేస్తే పని జరగదు, ఇందాక చెప్పానుగా, ఎస్ఐడీ. వాటినీ పాత పాస్‌వర్డ్‌నీ ఇస్తే విప్పే ప్రోగ్రాములు ఉన్నాయి. ఎల్కమ్‌సాఫ్ట్ వాళ్ళది డబ్బులు పెట్టి కొనాలి. నేను కొంటాను, మీ నాన్నకు చెప్పకు.

ఒకవేళ సీ ఫార్మాట్ చేసేసి ఉంటే మిషన్ ఈ క్షణమే ఆపెయ్. పాత తిరిగే హార్డ్‌డిస్క్ అయితే చెరిగిన కీ ఫైళ్ళు దొరికే ఆశ ఉంటుంది. నీది ఎస్ఎస్‌డీ. అది ట్రిమ్ చేసేసిందంటే, అంటే చెరిపిన చోటుని ఖాళీ చేసేసిందంటే, అక్కడ వెతకడానికి ఏమీ మిగలదు. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఆఫీసు నెట్‌వర్క్ డొమైన్‌లో రికవరీ ఏజెంట్, అంటే అందరి ఫైళ్ళూ విప్పగల మారు తాళంచెవి, ఉండేదేమో. సొంతదానికి ఆ దిక్కు కూడా లేదు.

ఎన్‌క్రిప్ట్ చేసిన రోజే టాస్క్‌బార్ దగ్గర 'కీ బ్యాకప్ చేసుకో' అని అడుగుతుంది, నువ్వు 'తర్వాత' నొక్కి ఉంటావు. సైఫర్ /ఎక్స్ అని ఒక్క కమాండ్ కొడితే సర్టిఫికెట్, ప్రైవేట్ కీ రెండూ ఉన్న పీఎఫ్ఎక్స్ ఫైలు వస్తుంది. రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టుకుని, దాని పాస్‌వర్డ్ డైరీలో రాసుకుంటే అయిపోయేది. పాఠం చెప్పకూడదనే అనుకున్నాను. పది నిమిషాల పని రా అది!

తాతయ్య క్యాసెట్లు మూడూ బూజు పట్టాయి. రెండోది టేపురికార్డరులో పెడితే రిబ్బన్ నమిలేసింది. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను.

ఇంకో సంగతి. దుప్పట్లు సర్దుతుంటే నీ బీరువా అడుగున ఎర్ర పెన్‌డ్రైవ్ దొరికింది. అందులో అక్క పెళ్ళి ఫొటోలూ, ఒక పీఎఫ్ఎక్స్ ఫైలూ ఉన్నాయి. తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతోంది. నీ పుట్టినరోజు కొట్టాను, బ్రౌనీ పేరు కొట్టాను, నీ బీటెక్ హాల్ టికెట్ నంబర్ కూడా కొట్టాను. ఎన్నిసార్లు తప్పు కొట్టినా అది లాక్ అవదు కాబట్టి రోజూ ఒక పది కొడుతున్నాను. నువ్వు అక్కడ ఏదో ఒక ఫైలు మీద సైఫర్ /సి కొట్టు, నలభై అక్షరాల థంబ్‌ప్రింట్ వస్తుంది, ఆ ఫైలుకి తాళం వేసిన సర్టిఫికెట్ గుర్తు అది. అది రాసి పెట్టుకుని ఫోన్ చెయ్. పాస్‌వర్డ్ చెబితే ఇక్కడి సర్టిఫికెట్ తెరిచి రెండూ ఒకటేనేమో చూస్తాను.

తొమ్మిది దాటాక చెయ్, అప్పటికి మీ నాన్న పడుకుంటారు.

అమ్మ