మావయ్యా, సత్యభామ పిల్లికి జడ కావాలి

వియన్నా

మావయ్యా,

అత్తా నువ్వూ బాగున్నారనుకుంటున్నా. కంటి ఆపరేషన్ అయ్యాక అక్షరాలు బాగా కనిపిస్తున్నాయన్నావు కదా, అందుకే ఈసారి ఫోన్లో కాకుండా కూర్చుని పెద్ద అక్షరాల్లో టైప్ చేస్తున్నా, చిన్నోడు ప్రింట్ తీసి ఇస్తానన్నాడు, తీరిగ్గా చదువుకో.

నేను గీసి పంపిన పిల్లుల బొమ్మలు చూసి "పిల్లికి కిరీటమేంటే, నాటకాల వాళ్ళని వెక్కిరిస్తోందా ఇది" అన్నావట. అత్త చెప్పినప్పట్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది. వెక్కిరింపు అస్సలు కాదు మావయ్యా. ముప్పై ఏళ్ళు వడపళని, కోడంబాకం స్టూడియోల్లో దేవుళ్ళకీ రాక్షసులకీ బట్టలు కుట్టిన మనిషివి, నీకు వివరంగా చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాను.

ఆ పిల్లులన్నీ ఒపేరా పాత్రలు. ఒపేరా అంటే కథంతా పాటతోనే నడుస్తుంది, తిట్టుకున్నా పాటే, చచ్చిపోతూ కూడా పాటే, మైకు ఉండదు, అంత పెద్ద ఆర్కెస్ట్రాని దాటుకుని గొంతు వెనకాల నిలబడ్డ నాదాకా వచ్చేస్తుంది. నిలబడ్డ అని ఎందుకన్నానంటే ఇక్కడి స్టేట్ ఒపేరాలో నిలబడి చూసే టికెట్లుంటాయి, కూర్చునే సీట్లతో పోలిస్తే బాగా చవక, ముందుగా వెళ్ళి లైన్లో నిలబడి, లోపల దొరికిన చోట కమ్మీకి స్కార్ఫ్ కట్టేస్తే ఇంక ఆ చోటు మనదే, బస్సు కిటికీలోంచి సీట్లో కర్చీఫ్ వేసినట్టు, ఎవ్వరూ ముట్టుకోరు. ఈ బిల్డింగ్ మీద 1945 మార్చి 12న బాంబులు పడ్డాయి. 120కి పైగా ఒపేరాల సెట్లూ సామానూ, వాటితో పాటు దాదాపు లక్షా యాభై వేల డ్రెస్సులూ పోయాయట. మళ్ళీ తెరిచింది 1955 నవంబర్‌లో. లక్షా యాభై వేలంటే ఎన్ని కాజాలు, ఎంత అస్తరు, ఎంతమంది కుట్టుంటారు చెప్పు. ఈ ఊళ్ళో ఎవరికి చెప్పినా బిల్డింగ్ గురించే బాధపడతారు, బట్టల గురించి బాధపడేది నువ్వొక్కడివే అనిపించింది.

ఇంక పిల్లుల సంగతి. కింద ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ పిల్లి రోజూ సాయంత్రం నా బాల్కనీకి వస్తుంది, బూడిద రంగుది, బాగా బొద్దుగా ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చాక దాన్ని గీయడం అలవాటైంది. పిల్లిని ఓపిగ్గా చూస్తూ కూర్చుంటే ఒపేరాలో సగం పాత్రలు దాన్లోనే కనిపిస్తాయి మావయ్యా. కార్మెన్ సంగతే చూడు. సెవిల్ అనే ఊళ్ళో సిగరెట్ల ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల, మగాళ్ళందరూ ఆమె చుట్టూ తిరుగుతుంటారు, ఒక్క సిపాయి మాత్రం ఆమెని పట్టించుకోకుండా తన పనేదో తను చేసుకుంటూ ఉంటాడు, ఆమె సరిగ్గా అతని మీదే పువ్వు విసురుతుంది. పిల్లి చేసేదీ అదే కదా! ఇంటికొచ్చిన చుట్టాలందరూ బుజ్జీ రా రా అని పిలుస్తుంటే అటు చూడనైనా చూడదు, పిల్లంటే పడని మనిషి ఒళ్ళో ఎక్కి కూర్చుంటుంది. అందుకని కార్మెన్‌ని నల్ల పిల్లిగా వేశా, పువ్వు అప్పుడే పంజా వదిలింది, చూపు మాత్రం ఎటో ఉంది. ఎర్ర గాగ్రా కుచ్చులు ఒక్కొక్కటీ విడివిడిగా వేశా, నడుం దగ్గర చిన్నవి, కిందకొచ్చేసరికి పెద్దవి, నువ్వు చెప్పినట్టే. ఈ ఒపేరా రాసిన బిజే 1875 మార్చిలో పారిస్‌లో దీన్ని మొదటిసారి వేయించాడు, జనం పెద్దగా మెచ్చుకోలేదు, సరిగ్గా మూడు నెలలకి పోయాడు, 36 ఏళ్ళు. ఇప్పుడు ప్రపంచమంతా ఆడుతున్న ఒపేరా అది. ఈ సంగతి తెలిశాక ఆ పిల్లి మొహంలో నవ్వు పెట్టబుద్ధి కాలేదు.

నువ్వు కిరీటమేంటే అన్నావే, ఆ తెల్ల పిల్లి రాత్రి రాణి. మొజార్ట్ రాసిన మాయా వేణువు కథలోది, ఇదే వియన్నాలో 1791 సెప్టెంబర్ 30న మొదటిసారి ఆడారు, ఆ డిసెంబర్‌లోనే మొజార్ట్ పోయాడు. రాణి వేషం మొదట కట్టింది ఆయన భార్య వాళ్ళక్క, అంటే ఆయనకి వదిన వరస. ఆమె గొంతు ఎంత పైకి వెళ్ళేదో తెలిసే ఆ పాటలు అలా కట్టుంటాడు. ఒపేరా మొత్తంలో రాణికి పెద్ద పాటలు రెండే, అందులో రెండోది కూతురి చేతికి కత్తి ఇచ్చి చంపి రమ్మనే పాట, గొంతు పైపైకి పోయి పిట్ట కూతలా ముక్కలు ముక్కలుగా వస్తుంది, విన్నవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. 1816లో బెర్లిన్‌లో షింకెల్ అనే ఆయన దీనికి వేసిన సెట్ బొమ్మ ఇప్పటికీ ఫేమస్, ముదురు నీలం ఆకాశం, గొడుగు కింద నిలబడి పైకి చూస్తే కనిపించే ఊచల్లా వరసలు వరసలుగా చుక్కలు, మధ్యలో నెలవంక మీద రాణి. నా రాణి వెనకాల ఉన్న చుక్కలు అక్కణ్ణుంచి తెచ్చుకున్నవే.

నా కష్టమంతా కిరీటం దగ్గరే. పిల్లికి కోపమొస్తే ఎగరెయ్యడానికి కనుబొమ్మలుండవు కదా, కోపమంతా చెవుల్లోకి వెళ్తుంది, రెండు చెవులూ పక్కలకి ఒరిగి వెనక్కి అతుక్కుపోతాయి. మరి చెవులు పడిపోతే కిరీటం దేని మీద ఆగాలి? చెవులకి చిల్లులు వదిలితే అది టోపీ అయిపోతుంది, చెవుల మీద పెడితే కోపం కనిపించదు. చివరికి సన్నటి కిరీటం చెవుల మధ్యలో నిలబెట్టి, గడ్డం కిందగా రిబ్బన్ కట్టి, ఆ రిబ్బన్ మెడ దగ్గర బొచ్చులో కొంచెం దిగబడినట్టు వేశా. నువ్వు అట్టకి బుక్రం గుడ్డ అంటించి కిరీటాలు చేసేటప్పుడు నుదురు కోసుకోకుండా లోపల వెల్వెట్ పట్టీ వేసేవాడివి చూడు, ఆ పట్టీ కూడా వేశా. అంచు దగ్గర వెంట్రుకంత ఎర్ర గీత ఉంటుంది, ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చూడు. చూసేవాళ్ళలో ఒక్కడికీ తెలియకపోయినా ఆ పిల్లికి మాత్రం నొప్పి పుట్టదు.

అదే ఒపేరాలో పాపగేనో అని పిట్టలు పట్టేవాడు ఉంటాడు, ఒంటినిండా ఈకలు, వీపు మీద పంజరం. పిట్టలు పట్టే వేషం పిల్లికివ్వడం ఎంత సులువో చూడు, బూడిద పిల్లినే కూర్చోబెట్టేశా. అబద్ధమాడినందుకు వాడి నోటికి తాళం వేస్తారు, తాళానికి అటూ ఇటూ మీసాలు పొడుచుకొచ్చాయి. అందరూ నవ్వేది ఈ బొమ్మకే, నవ్వాలి కూడా, ఆ పాత్రే నవ్వించే పాత్ర.

మేడమ్ బటర్‌ఫ్లై అనే ఇంకో ఒపేరా ఉంది, ఆ బటర్‌ఫ్లై పిల్లి దగ్గర మాత్రం ఎవరూ నవ్వకూడదనుకున్నా. నాగసాకిలో పదిహేనేళ్ళ పిల్ల, పెళ్ళి చేసుకుని ఓడెక్కి వెళ్ళిపోయిన అమెరికావాడి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. 1904 ఫిబ్రవరిలో మిలాన్‌లో మొదటి ఆటకి జనం గోల చేసి పాడుచేశారు, దాన్ని రాసిన పుచ్చీని మార్పులు చేసి మేలో ఇంకో ఊళ్ళో వేస్తే నిలబడింది. ఈ బొమ్మలో పిల్లి వీపు మనవైపు తిప్పి కిటికీలోంచి సముద్రం చూస్తూ ఉంటుంది, తోక కాళ్ళ చుట్టూ చుట్టుకుని. కిమోనో ఎడమ అంచు కుడి అంచు మీదకి రావాలి మావయ్యా, అటుదిటైతే అది శవానికి కట్టే పద్ధతి. వీపు తిప్పి కూర్చున్నా కిటికీ అద్దంలో నీడ పడుతుంది కదా, ఆ నీడలో కూడా అంచు ఎటు రావాలో చూసుకుని వేశా.

పిల్లులకి వేషాలు కట్టి గీయడం నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. జపాన్‌లో కునియోషి అనే చిత్రకారుడుండేవాడు, 1840ల్లో అక్కడి ప్రభుత్వం నాటకం వాళ్ళ బొమ్మలు అచ్చేయకూడదని రూల్ పెడితే ఆ వేషాలన్నీ పిల్లులకి కట్టి గీసేశాడు, జనం పిల్లి మొహం చూసి ఇది ఫలానా నటుడని గుర్తుపట్టేవాళ్ళు. లండన్‌లో లూయీ వైన్ అని 1860లో పుట్టినాయన, పెళ్ళైన కొన్నాళ్ళకే భార్యకి క్యాన్సర్ వస్తే మంచంలో ఉన్న ఆమెకి కాస్త సంతోషంగా ఉంటుందని ఇంట్లో పెంచుకునే పీటర్ అనే పిల్లిని గీసి చూపించడం మొదలుపెట్టాడు, ఆమె పోయింది కానీ ఆయన పిల్లులు ఇంగ్లండంతా తెలిశాయి. మనకి దగ్గరి కాలంలో సూసన్ హెర్బర్ట్ అనే ఆవిడ, 2014లో పోయింది, ఒపేరా వేషాల్లో పిల్లుల్ని వేసిందంటే మొదట గుర్తొచ్చే పేరు ఆవిడదే. ఇక్కడ శనివారం పాత సామాన్ల సంతలో ఆవిడ బొమ్మ ప్రింట్ ఒకటి చూసే నేను మొదలుపెట్టా. ఆ పిల్లి ఎంత పెద్ద వేషంలో ఉన్నా దాని మొహం పిల్లి మొహమే, మనిషి నవ్వు తెచ్చి అతికించలేదు. నాకు నచ్చింది అదే.

ఇద్దరు పాడేవాళ్ళు నిలబడి మ్యావ్ అన్న ఒక్క మాటతో పాట మొత్తం పాడే డ్యూయెట్ కూడా ఒకటుంది తెలుసా, రోస్సీని పేరుతో చెలామణీ అవుతుంది కానీ ఆయన ఒపేరాలోంచి ముక్కలు తీసి ఇంకొకరు అల్లిందట. అత్తకి యూట్యూబ్‌లో పెట్టి వినిపించమని చిన్నోడికి చెప్తా.

నిజం పిల్లికి బట్టలు తొడగడం నాకిష్టం లేదు. 1936లో తీసిన ఒక ఫోటో ఉంది, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దాచారు, వాగ్నర్ ఒపేరాలో వీరనారి బ్రూన్‌హిల్డె వేషంలో ఒక పిల్లి, తల మీద రెక్కల టోపీ, ఒంటికి కవచం. అందరికీ ముద్దొస్తుంది, నాకు దాని కళ్ళే కనిపిస్తాయి. బట్ట ఒంటికి తగిలితే చాలా పిల్లులు బిగుసుకుపోయి అలా పక్కకి ఒరిగిపోతాయి. కాగితం మీదైతే ఎవరికీ బాధ ఉండదు, ఎంత బరువు కిరీటమైనా పెట్టొచ్చు. అయినా వేషం వేసుకున్నవాడు చెయ్యెత్తగలడా, కూర్చోగలడా, ఊపిరి పీల్చి పద్యం ఎత్తుకోగలడా అని నువ్వు ప్రతి ట్రయల్‌కీ అడిగేవాడివే, నేనూ ప్రతి బొమ్మకీ అదే అడుగుతున్నా. వెక్కిరించేవాళ్ళకి ఆ ప్రశ్న ఎందుకొస్తుంది మావయ్యా?

ఇప్పుడు అసలు విషయం. తర్వాతి బొమ్మ సత్యభామ. ఒపేరాలోనూ మగపిల్లాడి వేషాలు కొన్ని ఆడవాళ్ళే కడతారు, మొజార్ట్ 1786లో ఇక్కడే ఆడించిన ఫిగరో పెళ్ళిలో చెరుబీనో అనే కుర్రాడు అలాంటివాడే, అది చూసిన రోజునుంచీ నువ్వు చెప్పే కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామే మనసులో ఉంది, నడకలో మగవాడన్న ఆనవాలే ఉండేది కాదనేవాడివి. భామాకలాపంలో భామ మొహం చూపించే ముందు తెర మీదుగా జడ వేస్తుంది కదా, దమ్ముంటే నన్ను గెలవండి అన్నట్టు. నా బొమ్మలో తెర మీదుగా పడేది తోక! పొడుగ్గా, బంగారు జడలా నగలు పెట్టిన తోక, చివర కుప్పెలు, తెర పైన రెండు చెవుల కొసలు కనిపిస్తే చాలు. చూడగానే నవ్వు రావాలి, కానీ భామ పొగరు పిసరంత కూడా తగ్గకూడదు. పిల్లి కంటే పొగరుగా భామ వేషం ఎవరు కట్టగలరు చెప్పు.

నాకు నీ దగ్గర్నుంచి కావాల్సినవి ఇవి. జడ మీద బిళ్ళలు పైనుంచి కిందకి ఏ వరసలో వస్తాయి, ఎక్కడ వెడల్పు, ఎక్కడ సన్నం, కుప్పెల పట్టుకుచ్చులు ఏ దారంతో కట్టేవాళ్ళు. నీ ఇనప్పెట్టెలో ఎర్ర గుడ్డలో చుట్టిన జడ ఇంకా ఉందనుకుంటా, దాన్ని పొద్దున వెలుతురులో కిటికీ దగ్గర పెట్టి ముందూ వెనకా ఫోటో తీయించు, వెనక కట్టు ఎలా ఉందో నాకు ముఖ్యం, తోక చుట్టూ తిరగాలి కదా. ఇంకోటి, కృష్ణుడి పిల్లికి భుజకీర్తులు ఎలా కట్టాలి? పిల్లికి మనలాగా భుజాలు బయటికి ఉండవు, మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముక కండలోనే వదులుగా ఉంటుంది, అందుకే తల దూరిన సందులోంచి ఒళ్ళంతా జారిపోతుంది. ఎక్కడ పెట్టినా జారినట్టే కనిపిస్తోంది. సన్నగా ఉన్న నటులకి నువ్వు ఛాతీ చుట్టూ పట్టీ వేసి దానికి కుట్టేసేవాడివని గుర్తు, అదెలాగో ఒక బొమ్మ గీసి పంపు, పెన్సిల్‌తో అయినా పర్లేదు.

సౌకార్‌పేట వైపు వెళ్తే పాత జరీ ముక్క బెత్తెడు తీసుకో, కొత్తది వద్దు, నల్లబడినదే కావాలి, ఫోటోలో ఆ రంగు రావడం లేదు. వచ్చే నెల నా ఫ్రెండ్ వాళ్ళమ్మ మైలాపూర్ నుంచి ఇక్కడికి వస్తోంది, కవర్లో పెట్టి ఆవిడకిస్తే చాలు, చిన్నోడికి అడ్రస్ పంపిస్తా. ఎండలో నువ్వు వెళ్ళకు, వాణ్ణి పంపు, ఏ కొట్టో నువ్వే చెప్పు.

అత్తకి నా నమస్కారాలు. ఆవకాయ పెట్టారా ఈసారి?

నీ మేనకోడలు