జిప్సీ వెనక డోర్ తీసుకున్నవాళ్ళు ముందు స్టెప్నీ దించండి

నమస్కారం అండీ. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్ నుంచి మారుతి జిప్సీ జీపుకి ఫైబర్ వెనక డోర్ కిట్ తీసుకుని, ఇంటి దగ్గర సొంతంగా బిగించుకున్నవాళ్ళకి ఇది రాస్తున్నాను, ముఖ్యంగా జూలై, ఆగస్టుల్లో తీసుకున్నవాళ్ళకి. ఆ డోర్ మీద స్టెప్నీ, అంటే స్పేర్ చక్రం, ఉంటే ఈరోజే దించేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

పోయిన వారం భీమిలి నుంచి ఒకాయన బండి తెచ్చారు. అరకు వెళ్ళొచ్చినప్పటి నుంచి డోర్ వేస్తుంటే కింద రాసుకుంటోందన్నారు. చూస్తే పై హింజ్ (డోర్ తిరిగే మడతబందు) బోల్టు చుట్టూ సాలెగూడులా సన్నటి పగుళ్ళు. రూపాయి బిళ్ళతో తట్టుకుంటూ వచ్చాను. డోర్ మధ్యలో టక్ టక్‌మని గట్టిగా పలికింది, హింజ్ దగ్గరికి వచ్చేసరికి డప్పుమని బోలుగా వినిపించింది. అంటే లోపల పొరలు విడిపోయాయన్నమాట. ఆయన పిల్లలిద్దరూ అప్పుడు వెనక సీట్లోనే కూర్చుని ఉన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డోర్ కోసి చూశాను. తప్పు మాదే. వానల్లో గాజు పీచు మ్యాట్ రోల్స్‌ని చెమ్మ గోడకి ఆనించి పెట్టాం, తేమ పట్టిన మ్యాట్‌లోకి రెజిన్ (పొరల్ని అతికించే జిగురు) సరిగ్గా ఇంకదు, పొరకీ పొరకీ పట్టు ఉండదు. దానికి తోడు ఆర్డర్ల టెన్షన్‌లో హింజ్ వైపు ఐదు పొరలు పడాల్సిన చోట మూడుతో ఆపేశాం. కుర్రాళ్ళని అనను, ప్యాకింగ్‌కి ముందు చూసుకోవాల్సింది నేను. పైగా మేం పంపిన ఫొటోలోనే డోర్‌కి స్టెప్నీ ఉంది, అది చూసి మీరూ తగిలించారు. చక్రం బరువు 20 కిలోల దాకా ఉంటుంది, ఘాట్‌లో ఒక్కో గుంతకీ ఆ బరువంతా రెండు హింజ్‌ల మీద కుదుపుతుంది. రేకు డోర్ తట్టుకున్నట్టు ఒట్టి ఫైబర్ తట్టుకోదు.

అయినా ఫైబర్ వద్దని మాత్రం నేననను. మన ఊరి ఉప్పుగాలికి రేకు డోర్ అడుగు మడతలో ఇసుకా నీళ్ళూ చేరి లోపల్నుంచి తుప్పు ఎలా తినేస్తుందో బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్ళకి తెలుసు. హార్బర్‌లో ఫైబర్ బోట్లు ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలోనే ఉంటున్నాయి కదా. సరిగ్గా చేస్తే ఇది నిలబడే సరుకే.

జూలై, ఆగస్టు డోర్లన్నీ ఉచితంగా మార్చిస్తాను. కొత్తవాటిలో హింజ్ వైపు 3 మిల్లీమీటర్ల ఇనప ప్లేటు పొరల మధ్యే పెట్టి పోస్తున్నాం. స్టెప్నీకి మాత్రం ఛాసిస్‌కి బిగించే విడి స్టాండ్ పెట్టించుకోండి. కొత్తగా కొనేవాళ్ళకి ధర 1,800 రూపాయలు పెరుగుతుంది, ఆ ప్లేటుకీ అదనపు పొరలకీ అయ్యే ఖర్చది.

ఈసారి బిగించేటప్పుడు డ్రిల్‌ని హ్యామర్ మోడ్‌లో పెట్టకండి. కన్నం పెట్టే చోట టేపు అంటించి నెమ్మదిగా తిప్పితే పైపూత పెచ్చులూడదు. బోల్టులు ముందు వదులుగా పెట్టి, చుట్టూ సందు ఒకేలా వచ్చాక వెడల్పు వాషర్లేసి చేతి స్పానర్‌తోనే బిగించండి, పవర్ గన్‌తో బిగిస్తే అక్కడే పగులు మొదలవుతుంది. నంబర్ ప్లేట్ లైట్ వెలగట్లేదని చాలామంది ఫోన్ చేశారు. ఫైబర్‌లో కరెంటు పారదు, కాబట్టి లైట్‌కి విడిగా ఎర్త్ వైరు లాగి బాడీకి కలపాలి. ఈ ముక్క కిట్‌తో ఇచ్చిన కాగితంలో వేయకపోవడమూ మా పొరపాటే.

పగుళ్ళు కనిపిస్తే ఇంట్లో రెజిన్ తెచ్చుకుని పూడ్చేయకండి, పైకి బాగానే కనిపిస్తుంది కానీ లోపలి పొరలు అతుక్కోవు. ఇంకో విషయం, రెజిన్ గట్టిపడడానికి కలిపే కోబాల్టునీ హార్డెనర్‌నీ నేరుగా కలిపితే భగ్గున అంటుకుంటుంది, పేలే ప్రమాదం కూడా ఉంది. దయచేసి ఆ ప్రయోగం చేయొద్దు.

మా దగ్గర ఉన్నది ఒకటే మోల్డ్, రోజుకి ఒక్క డోరే వస్తుంది. ఘాట్ రోడ్లలో తిరిగేవాళ్ళకీ, వెనక పిల్లల్ని కూర్చోబెట్టుకునేవాళ్ళకీ ముందు ఇస్తాను. హింజ్ దగ్గర ఫొటో తీసి, బిల్లు తేదీతో వాట్సాప్‌లో పంపండి. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి పార్సిల్ ఖర్చు మాదే. ఆదివారం కూడా షెడ్ తెరిచే ఉంటుంది.