మందుతోపాటు పరీక్షలూ రాయండి

సంపాదకులకు,

మా అబ్బాయికి స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు. ఒలాంజపిన్ మొదలుపెట్టాక చెవిలో వినిపించే మాటలు తగ్గాయి, మళ్లీ మాతో కూర్చుని భోంచేస్తున్నాడు. ఆ మందు మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ దాంతో వచ్చే ఆకలి సంగతి మాకెవరూ చెప్పలేదు. కడుపునిండా తిని పడుకున్నవాడు కాసేపటికే లేచి సంగటి గిన్నె మూత తీస్తాడు. బెల్టుకు చివరి బెజ్జం కూడా చాలడం లేదు. వేరే డాక్టరు రక్తపరీక్ష రాస్తేగానీ షుగరు వచ్చిందని తెలియలేదు.

ఇలాంటి మందు మొదలుపెట్టే ముందే బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్ చూడాలి. మూడు నెలలకు మళ్లీ చూడాలి, ఆపై ఏటా. సగం పని టేపుతో, తూకం మిషనుతో అయిపోతుంది కదా! ఇదే జబ్బుకు ఇచ్చే మరో మందు క్లోజాపిన్ వాడేవాళ్లకైతే తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే తొలి నెలల్లో వారం వారం రక్తపరీక్ష. జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే. ఆ మందుతో వచ్చే మలబద్ధకం ముదిరినా ప్రాణం మీదికి వస్తుంది.

ఇక్కడ పాత చీటీ చూపిస్తే చాలు, మందుల షాపులో నెలల తరబడి అదే డోసు ఇచ్చేస్తున్నారు. ఇంకొందరు లావెక్కుతున్నామని భయపడి సొంతంగా ఆపేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. డోసు తగ్గించాలన్నా, మందు మార్చాలన్నా డాక్టరే చూడాలి.

జిల్లాలోని మానసిక వైద్యులందరికీ నా మనవి: చీటీ మీద మందు పేరు కిందే తరువాతి పరీక్ష తేదీ కూడా రాసివ్వండి.

– ఒక తండ్రి, రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు, చిత్తూరు