అడిగి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

నేను ఏడేళ్ళు సర్వేల్లో పనిచేశాను. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్, "పోయిన వారం రోజుల్లో మీ ఇంట్లో నూనె ఎంత వాడారు, పప్పు ఎంత, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, వడ్డీ ఎంత" అంటూ గడప గడపకీ తిరిగే మనిషిని మీరూ ఎప్పుడో చూసే ఉంటారు, ఆ మనిషిని నేనే అనుకోండి. ఇప్పుడు ఆ పని మానేశాను కాబట్టి అప్పట్లో నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఒకటి రాస్తున్నాను. మన ఊళ్ళ మీద చేసిన పరిశోధనలో ఏం తేలిందో మన ఊళ్ళకి తెలుగులో వచ్చి చెప్పాలి. చెప్పి తీరాలని అనుమతి ఇచ్చే ప్రభుత్వమే షరతు పెట్టాలి.

మన ఊళ్ళు ఎంతకాలంగా ఈ లెక్కల్లో ఉన్నాయో చాలామందికి తెలీదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు 1975లో ఆరు ఊళ్ళు ఎంచుకున్నారు, నాలుగు మహారాష్ట్రలో, రెండు మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఔరేపల్లి, డోకూర్. ఊరికి 40 ఇళ్ళు. భూమి లేని కూలీలవి పది, చిన్న రైతులవి పది, మధ్యరకం రైతులవి పది, పెద్ద రైతులవి పది. లెక్కలు రాసేవాళ్ళు ఆ ఊళ్ళోనే కాపురముండి, ఏళ్ళ తరబడి ఏ ఇంట్లో ఎంత పండింది, ఎంత తిన్నారు, ఎంత అమ్మారు అని రాసుకున్నారు. ఆ పుస్తకాల్లో మూడు ఊళ్ళవి ముందేసుకుని రాబర్ట్ టౌన్‌సెండ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1994లో ఒక పేపర్ రాశాడు. ఆయన అడిగిన ప్రశ్న మన రైతు ఎవరైనా అడిగేదే. ఒక ఇంటి పంట పోతే ఆ ఇంటి తిండి కూడా అదే లెక్కన పడిపోతుందా? తేలిందేమిటంటే, అంతగా పడిపోదు. ఊరు మొత్తం మీద తిండి తగ్గితే ఆ ఇంట్లోనూ తగ్గుతుంది తప్ప, తన ఒక్కడి పంట పోయినందుకు పడే దెబ్బ మనం అనుకునేంత పెద్దది కాదు. ఎలాగో ఒకలా సర్దుకుంటారు. కానీ ఆ మూడు ఊళ్ళలో ఒకదాంట్లో భూమి లేనివాళ్ళకి ఆ సర్దుబాటు అంతగా అందలేదు. ఇది ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేసేవాళ్ళు ఎక్కడెక్కడో కూర్చుని చదివే పేపర్. పాలమూరు కూలోడి కంచంలో ఏముందో చెప్పే పేపర్ అది, చదవాలంటే ముందు ఇంగ్లీషు, ఆ తరవాత లెక్కల భాష, రెండూ రావాలి.

బడుల సంగతి ఇంకా దగ్గరిది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లో 500 సర్కారు బడుల మీద ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసింది. లాటరీ పద్ధతిలో కొన్ని బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చారు, కొన్నింటికి అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్‌ని, కొన్నింటికి పుస్తకాలు, పలకలు కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చారు, ఒక వంద బడులకు ఏమీ ఇవ్వలేదు, పోల్చి చూడటానికి. రెండేళ్ళకి బోనస్ ఉన్న బడుల పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ ముందున్నారు. బోనస్ సగటున ఏడాది జీతంలో నూటికి మూడు రూపాయలే. ఈ బోనస్ విషయం మీద టీచర్ల సంఘాలు ఒప్పుకోకపోవచ్చు, వాదించుకోవచ్చు, కానీ వాదించుకోవాలంటే ముందు తెలియాలి కదా.

నాకు మాత్రం అందులో బాగా పట్టుకున్నది డబ్బిచ్చిన బడుల కథ. మొదటి ఏడాది ఆ డబ్బు వస్తుందని ఎవరికీ తెలీదు, పిల్లలకి నోటు పుస్తకాలవీ వచ్చాయి, మార్కులు పెరిగాయి. రెండో ఏడాది వస్తుందని ఇళ్ళల్లో ముందే తెలుసు. తెలిసేసరికి తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు, ఇక మార్కుల్లో తేడా కనపడలేదు. "ఎలాగూ బడివాళ్ళు ఇస్తారుగా" అనుకున్న తల్లి తప్పు చేసిందని నేననను, ఆ మిగిలిన డబ్బు ఇంకో అవసరానికి పోయుంటుంది. కానీ ఈ మాట స్కూల్ కమిటీ మీటింగులో ఎవరైనా లేచి చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇంకా ఉన్నాయి. హైదరాబాద్‌లో 104 బస్తీల్లో సూక్ష్మ రుణాల మీద, అంటే ఆడవాళ్ళ గ్రూపులకిచ్చే చిన్న అప్పుల మీద, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు చేసిన అధ్యయనం ఒకటి. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవాళ్ళు ఇంకాస్త పెట్టుబడి పెట్టుకోగలిగారు, ఇంట్లోకి కొన్ని వస్తువులు కొనుక్కున్నారు, అంతేగానీ పిల్లల చదువులోనూ ఆరోగ్యంలోనూ ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లడంలోనూ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు అని తేలింది. ఆ ఇద్దరికీ మైఖేల్ క్రెమర్‌తో కలిపి 2019లో నోబెల్ వచ్చింది. మన పత్రికలన్నీ మొదటి పేజీలో ఫొటోలు వేశాయి, సంతోషం. ఆ బస్తీల్లో జవాబులు చెప్పిన ఆడవాళ్ళకి మాత్రం, మీరు చెప్పినదాంట్లో తేలింది ఇదమ్మా అని ఒక కాగితమైనా అందాలి కదా. తరవాత 2010 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో ఉపాధి హామీ కూలికి, పింఛన్లకి వేలిముద్ర కార్డులు పెట్టి చూసిన ప్రయోగం. డబ్బు త్వరగా చేరింది, దారిలో మాయమయ్యేది తగ్గింది, పైగా బయట రైతులిచ్చే కూలి రేట్లు కూడా పెరిగాయి. ఈ ఆఖరి ముక్క కూలీల సంఘాలకి తెలిస్తే ఎలా వాడుకునేవాళ్ళో ఊహించుకోండి.

ఇక నేను కళ్ళారా చూసింది. సర్వే మొదట్లో, జవాబులు చెప్పడం మీకు ఇష్టమేనా అని అడిగే అనుమతి పత్రం ఇంటివాళ్ళకి చదివి వినిపించాలి. అందులో ఒక వాక్యం ఉంటుంది, "ఇందులో పాల్గొనడం వల్ల మీకు నేరుగా ఎటువంటి లాభమూ ఉండదు." దాన్ని నేను కొన్ని వేలసార్లు చదివి ఉంటాను, చాలాసార్లు గబగబా. ఒకసారి పాలమూరు వైపు ఒక పెద్దమ్మ బర్రెకి గడ్డి వేస్తూనే గంటన్నర జవాబులు చెప్పింది. "మీరు పోయిన వారం ఏమైనా పని చేశారా పెద్దమ్మా?" అంటే "నేనేం పని జేస్త బిడ్డా, ఇంటికాడనే ఉంట" అంది. పొద్దున నాలుగింటికి లేచి రెండు బర్రెల పాలు పిండి కేంద్రానికి పోసొచ్చిన మనిషి! ట్యాబులో "పని లేదు" అని నొక్కితే ఆమె దేశం లెక్కల్లోంచే మాయం. నేను మళ్ళీ అడిగాను, పాల డబ్బులెవరు తెస్తారు, గడ్డి ఎవరు కోస్తారు అని, అప్పుడు ఆమె నవ్వి, "అదీ పనేనా" అంది. పైనుంచి ఫోన్‌లో టార్గెట్ ఎంతయిందని టెన్షన్ పెడుతుంటే ప్రతి ఇంట్లోనూ అలా మళ్ళీ అడిగానని గుండెమీద చెయ్యేసుకుని చెప్పలేను. చివర్లో ఆమె అడిగింది. "గిదంత రాస్కపోయి, ఏం తేలిందో మల్లొచ్చి జెప్తవా?" చెప్తానన్నాను. అబద్ధం. నేను పనిచేసిన సర్వేల్లో ఒక్కదానికీ వెనక్కి వెళ్ళి చెప్పే కార్యక్రమం లేదు.

ఫలితం ఊరికి చెప్తే పరిశోధనకీ మంచిదే అని నా నమ్మకం. ఆమె లాంటివాళ్ళు పదిమంది గ్రామసభలో కూర్చుని, "ఈ ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకి పని లేదు" అన్న ముక్క వింటే ఊరుకుంటారా? అక్కడే తగువేసుకుంటారు, లెక్క ఎక్కడ తప్పిందో అక్కడే బయటపడుతుంది.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. ఉపాధి హామీ సామాజిక తనిఖీలు మన దగ్గర 2006 నుంచీ నడిచాయి. కూలీల ఇళ్ళల్లో చదువుకున్న యువతకే శిక్షణ ఇచ్చి, మస్టర్లు, అంటే పని హాజరు పట్టీలు, చేతికిచ్చి, ఇంటింటికీ పంపి, తేలింది గ్రామసభలో, తరవాత మండల ప్రజావేదికలో అధికారుల ముందే మైకులో చదివారు. ఫలానా ఆయన పేరు మీద ఇన్ని రోజులు రాశారు, ఆయన ఆ వారం ఊళ్ళోనే లేడు, అని తెలుగులో. తనిఖీకి చేతనైంది యూనివర్సిటీలకి ఎందుకు చేతకాదు?

పేపర్ అచ్చవడానికి ఐదారేళ్ళు పడుతుంది, అప్పటికి ఎవరికి చెప్తాం అంటారు. ఔరేపల్లి ఊరు ఎక్కడికీ పోలేదు. ఇంటి వివరాలు గోప్యం అంటారు, నిజమే, ఇంటి వివరాలు ఎవరూ అడగట్లేదు, తేలిన నాలుగు ముక్కలు చాలు. జనానికి అర్థం కాదంటారు. ఈ మాట అన్నవాళ్ళని, నేను ఇంటింటికీ తిరిగి అడిగిన ప్రశ్నావళి ఒకసారి చదివి జవాబు చెప్పమనండి, "గృహస్థాయి ఆహారేతర వినియోగ వ్యయం" అంటే ఏమిటో. దాన్ని జనం అర్థం చేసుకుని మరీ జవాబు చెప్పారు.

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. బడుల్లోనో ఊళ్ళల్లోనో పరిశోధన చేస్తామని వచ్చినవాళ్ళకి విద్యాశాఖ, పంచాయతీరాజ్ శాఖ అనుమతి లెటర్ ఇస్తాయి కదా, అందులో ఒక వాక్యం చేర్చాలి. ఫలితం వచ్చాక రెండు పేజీల తెలుగు నోటు పంచాయతీకి ఇచ్చి, గ్రామసభలో చదివి వినిపించాలని. మంచి తెలుగులో, పైన చెప్పిన తెలుగులో కాదు. పరిశోధనకి కోట్లు పెట్టే సంస్థలకి ఆ రెండు పేజీలు లెక్కలోకి రావు.

మీ పత్రికకీ ఒక విన్నపం. ఆదివారం పేజీలో నెలకోసారి అర కాలమ్ జాగా ఇవ్వండి. ఆ బడుల ప్రయోగం గురించి మొదటిది నేనే రాసి ఉంచాను, సర్పంచ్ నిలబడి చదివితే ఆరు నిమిషాలు పడుతుంది, ఇంట్లో చదివించి చూశాను.

— ఒక పాఠకుడు, మాజీ సర్వే ఉద్యోగి