బండి జరిగింది, బోర్డు రాలేదు

తిరుపతి బాలాజీ కాలనీ మలుపులో మా కారం దోశ బండి కనపడక ఫోన్లు చేసినవాళ్లందరికీ ముందు ఈ మాట. బండిని ఎవరూ సీజ్ చెయ్యలేదు. తిండి బాగాలేదని ఎవరూ కంప్లయింటు ఇవ్వలేదు. ఆ పుకారు ఎవరి దగ్గర పుట్టిందో నాకు తెలుసు, ఇక్కడ అనను. మేము ఎం.ఆర్.పల్లి వైపు జరిగాం, అంతే. రోజూ సాయంత్రం పెనం వేడెక్కుతూనే ఉంది. కాకపోతే బండి మీద పేరు లేదు. దాంతో కొందరు మా ముందు నుంచే వెళ్లిపోయి, ఆ చివరన ఆగి, "ఎక్కడున్నావక్కా?" అని ఫోను చేస్తున్నారు.

పాత చోటు వెండింగ్ జోన్‌లోకి, అంటే వీధి వ్యాపారాలకు కేటాయించిన చోట్లలోకి, రాదని కార్పొరేషన్ వాళ్లు నెల గడువిచ్చి, వేరే చోటు చూపిస్తూ నోటీసు ఇచ్చారు. తెచ్చిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. దోశ తినమంటే డ్యూటీలో ఉన్నానన్నాడు. బండి పైన బోర్డు రెండు పక్కలా బయటికి రాకూడదు, ఫుట్‌పాత్ మీద స్టాండు బోర్డు పెట్టకూడదు అని కూడా అందులో ఉంది. దాని మీద సంతకం పెట్టాను.

మన కస్టమర్లలో ఒక లాయరు సార్ ఉన్నారు. "స్టే తెద్దాం అమ్మా, నువ్వు ఊరికే లేవాల్సిన పని లేదు" అన్నారు. ఆయన చెప్పింది తప్పేం కాదు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టాన్ని ఆయనే ప్రింటు తీసిచ్చారు, పిండి రుబ్బేలోపు చదివాను. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను లేపకూడదు. చోటు మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుపోతే జాబితా రాసివ్వాలి, పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగి ఇచ్చెయ్యాలి. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా మాలాంటి వాళ్లే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఇన్ని రాసి ఉన్నాయని మాలో ఎంతమందికి తెలుసు? తోపుడు బండ్ల వాళ్లకు కూడా ఆ కాగితాలు జిరాక్సు తీసి పంచాను.

అయినా స్టేకి పోలేదు. రాత్రిళ్లు నిద్రపట్టక ఆలోచించిన సంగతి ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. రోడ్డు పక్కన వ్యాపారం చేసుకోవడం కూడా రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని సుప్రీంకోర్టు 1989లోనే, సోదన్ సింగ్ కేసులో చెప్పింది. అదే తీర్పులో, ఫలానా చోటే కావాలని పట్టుబట్టే హక్కు మాత్రం లేదని కూడా చెప్పింది. లాయరు సార్ మొదటి ముక్క గట్టిగా చదివి, రెండోది కొంచెం మెల్లగా చదివారు. పైగా మా బండికి ఇంజను ఉంది. తోపుడు బండి కాదు, షాపూ కాదు. చట్టంలో తాత్కాలిక నిర్మాణంలో అమ్మేవాళ్లు ఉన్నారు, తిరుగుతూ అమ్మేవాళ్లు ఉన్నారు. వ్యాను సంగతి అడిగితే ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెబుతారు. కోర్టులో ఆ అర్థం తేలేదాకా నేను దోశలు పొయ్యాలా, వాయిదాలకు తిరగాలా?

ఇంకోటి కూడా ఉంది. శనివారం సాయంత్రాలు అలిపిరి వైపు వెళ్లే జనంతో ఆ మలుపు ఎలా ఉంటుందో మీకు తెలుసు. రుయా ఆసుపత్రికి పోయే అంబులెన్సు హారన్ కొడుతూ నిలబడిపోతే, అడ్డంగా ఉన్నవి మన వాళ్ల బైకులే. తియ్యమని నేను అరవడం, "ఒక్క దోశక్కా, అయిపోయింది" అని మీరనడం. అరిచి అరిచి నా గొంతు పోయింది. జరగమన్నందుకు ఒళ్లు మండింది నిజమే. కానీ అక్కడే ఉంటానని కోర్టుకు పోయి వాదించడానికి మనసొప్పలేదు. మా ఆయన ఇప్పటికీ నాది తొందరపాటే అంటాడు. అననీ.

ఇక బోర్డు.

2022లో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రభుత్వం ప్రకటించినప్పుడే మేము ఫ్లెక్సీ పీకేసి, రేకు మీద పెయింటరు చేత రాయించాం. ఎర్ర అక్షరాలు, 'కా' దీర్ఘం చివర మిరపకాయ తొడిమ. మీలో చాలామంది దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. అది తుప్పు పట్టింది, పైగా బండి కన్నా వెడల్పు. కొత్త చోట చెట్లు ఎక్కువ, రాత్రి చీకటి. కొత్తచోటికి పోయేటప్పుడే కదా బోర్డు కావాల్సింది! అందుకని లైటు బోర్డుకు ఆర్డరిచ్చాను. షాపు పేరు చెప్పను, ఊళ్లో అందరికీ తెలిసిందే.

కొలతలు కాగితం మీద రాసిచ్చాను. బండి కప్పు ఐదడుగులు, బోర్డు నాలుగున్నర దాటకూడదు. తెలుగు పైన పెద్దగా, ఇంగ్లీషు కింద చిన్నగా. మన రాష్ట్రంలో షాపుల నియమాల ప్రకారం బోర్డు తెలుగులో ఉండాలి, వేరే భాష రాస్తే తెలుగు కిందే రాయాలి. నాది షాపు కాదు, ఆ నియమం నాకు వర్తించకపోవచ్చు. అయినా నాకు ఇష్టం, రాయించుకుంటాను. సగం డబ్బు అడ్వాన్సు ఇచ్చాను. ఆ తర్వాత రేపన్నాడు, కరెంటు లేదన్నాడు, మిషను రిపేరన్నాడు, పెళ్లిళ్ల సీజనన్నాడు. గడువు ముగిసే రోజు సాయంత్రం, బండి తియ్యబోతుంటే, ఆటోలో వేసుకొచ్చాడు.

విప్పితే ఆరడుగులు. ఇంగ్లీషు ఇంతింత అక్షరాలతో పైన, తెలుగు మందు సీసా మీద చిన్నక్షరాల్లా కింద. అది చాలదన్నట్టు, ఎక్కడో నెట్‌లో దొరికిన దోశ బొమ్మ, దాని పక్కన సాంబారు గిన్నె! నేను ఏనాడైనా మీకు సాంబారు పోశానా? ఊరుబిండి, పప్పుల పొడి, ఎర్రకారం తప్ప మా బండి మీద ఇంకోటి చూశారా?

"ఇంగ్లీషు పెద్దగా ఉంటేనే రిచ్ లుక్కు అక్కా" అన్నాడు. కొలత సంగతి అడిగితే, "అందరివీ బయటికే ఉన్నాయి, ఎవరడుగుతారు?" అన్నాడు. నేను బయటికి రానివ్వనని సంతకం పెట్టిన కాగితం ఇంకా నా కొంగు ముడిలోనే ఉంది. రెండు పక్కలా కోయిద్దామని మా ఆయన అన్నాడు. కోస్తే మొదటి అక్షరం, చివరి అక్షరం పోతాయి. తీసుకుపొమ్మన్నాను. అడ్వాన్సు మెటీరియల్‌కే అయిపోయిందట. ఆ బోర్డు ఇప్పుడు వాళ్ల షాపు బయటే, గోడకు ఆనించి ఉంది, మా పేరుతోనే. ఆ వైపు వెళ్లినవాళ్లు బండి అక్కడుందనుకోకండి.

పాత పెయింటరునే మళ్లీ అడిగాను. కంటి ఆపరేషను అయింది, డాక్టరు ఒప్పుకున్నాక రాస్తానన్నాడు. వేరేవాళ్ల చేత రాయించమని మీలో కొందరన్నారు. రాయించను. ఆగుతాను. అప్పటిదాకా బండికి పేరుండదు.

ఎం.ఆర్.పల్లి వైపు వస్తే ఎడమ చేతికి చింతచెట్టు కింద నీలం వ్యాను, అదే మనది. సాయంత్రం ఆరు నుంచి పదిన్నర దాకా. రేట్లు పెంచలేదు. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబరు వెనక తలుపు మీద ఎప్పటిలాగే ఉంది, అనుమానమున్నవాళ్లు చూసుకోవచ్చు. బైకులకు పక్కన ఖాళీ స్థలం ఉంది, దయచేసి అక్కడే పెట్టండి. రుయా నైట్ డ్యూటీ నర్సమ్మలకు దూరమైంది, తెలుసు. ఎనిమిదిలోపు ఫోను చేస్తే మా వాడు గేటు దగ్గరికి పార్సిలు తెచ్చిస్తాడు, దానికి వేరే చార్జీ లేదు. యూనివర్సిటీ పిల్లలూ, చోటు మారింది కదా అని మురిసిపోకండి, అప్పుల పుస్తకం కూడా బండితోపాటే వచ్చింది.

బోర్డు షాపాయన ఇది చదువుతుంటే ఒక మాట: అడ్వాన్సు తిరిగివ్వడానికి నా ఫోన్‌పే నంబరు ఏమీ మారలేదు.