కేరళ లాటరీ శాఖను చూస్తున్న మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను పాలక్కాడ్‌లో స్థిరపడిన తెలుగువాడిని. లాటరీని నిలబెట్టినవారికి, ముఖ్యంగా వీధుల్లో టికెట్లు అమ్మేవారికి, పురస్కారాలు ఇవ్వాలని కింది స్థాయిలో ఇచ్చిన అర్జీలకు జవాబు రాకపోవడంతో మీకు అందరి ముందూ రాస్తున్నాను.

1967లో ఆర్థిక మంత్రి పి.కె. కుంజు చొరవతో, దేశంలోనే తొలిసారిగా ప్రభుత్వం నడిపే లాటరీ కేరళలో మొదలైంది. టికెట్ ధర రూపాయి, మొదటి బహుమతి 50,000 రూపాయలు. తొలి డ్రా 1968 జనవరి 26న తీశారు. తర్వాత ఎందరో అధికారులు, ఏజెంట్ల సంఘాల పెద్దలు దీన్ని నిలబెట్టారు. వాళ్లకు గౌరవం దక్కాల్సిందే.

కానీ టికెట్‌ను జనం చేతికి చేర్చింది వీధుల్లో తిరిగే అమ్మకందార్లు. వాళ్లలో చూపు లేనివాళ్లున్నారు, నడవలేనివాళ్లున్నారు, ఇంకే పనీ దొరకని ముసలివాళ్లున్నారు. సాయంత్రానికి టికెట్లు మిగిలిపోతే ఆ రోజు కూలి పోయినట్టే. రోజూ అదే టెన్షన్. సంక్షేమ నిధి ఉంది, అది మంచి పనే. అయినా ఎండలో ముప్పై, నలభై ఏళ్లు నిలబడిన మనిషిని వేదిక మీదకు పిలిచి శాలువా కప్పడం వేరు.

నా డిమాండ్ స్పష్టం. కుంజు గారి పేరిట ఏటా జనవరి 26న జీవన సాఫల్య పురస్కారాలు ఇవ్వండి. వాటిలో సగం అమ్మకందార్లకే కేటాయించండి. అందుకున్నవారి వైద్య ఖర్చు ప్రభుత్వమే భరించాలి. వచ్చే బడ్జెట్‌లోనే ఈ ప్రకటన చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
పాలక్కాడ్ నుంచి ఒక తెలుగు పౌరుడు